సిస్టర్ మా ఇల్లు చూడవచ్చిన రోజు

కొత్త పుస్తకాలకు అట్టలు వేసేటప్పుడు వచ్చే ఖాకీ కాగితం వాసనకు నా కూతురు సంబరపడిపోతుంది. నేను మాత్రం కూర్చోలేక లేచి అటూ ఇటూ తిరుగుతాను. మెదక్‌లో నా చిన్ననాటి ఎండాకాలాలన్నీ అట్లాగే, ఒకచోట నిలవని కాళ్లతోనే గడిచాయి.

శివ్వంపేట దగ్గరి మా ఊళ్లో బోర్లు ఎండిపోయి, పొలం అమ్ముడుపోయాక, మెదక్‌లో పెద్ద చర్చి గంట వినిపించే గల్లీలో ఒక కిరాయి ఇంట్లోకి వచ్చాం. బాపు రైస్‌మిల్లు లారీ నడిపేవాడు. నన్ను క్యాథలిక్ సిస్టర్ల ఇంగ్లిష్ మీడియం బడిలో చదివించాలని అమ్మకు ఒకటే పట్టుదల. లేనివాళ్ల పిల్లలకు వాళ్లు ఫీజు మాఫీ చేస్తారని, కానీ ముందు ఒక సిస్టర్ ఇంటికి వచ్చి పరిస్థితి చూసిపోతుందని ఎవరో చెప్పారు. ఆమె ఏ రోజు వస్తుందో చెప్పి పంపేదాకా, రోహిణి ఎండల్లో వేపచెట్టు కింద ఓమనగుంటలు ఆడుతున్నా, వేళ్లు చల్లబడేలా తాటిముంజలు ఒలుచుకుంటున్నా, నా చెవులు గల్లీ మొదట్లోనే ఉండేవి.

ఆమె వచ్చే రోజు పొద్దున్నే ఇంట్లో గొడవ మొదలైంది. ఊళ్లో ఉన్నప్పుడు నానమ్మ వాకిట్లోకి వచ్చినవాళ్లెవరూ సోలెడు బియ్యమైనా లేకుండా తిరిగిపోయింది లేదు. ఇప్పుడు మా ఇంటి లేమిని ఒకరు చూడవస్తుంటే ఆమెకు తల తీసేసినట్టుంది. ఎదురింటి కమలమ్మ దగ్గర మెత్తల కుర్చీలు, గాజు కప్పులు అడిగి తెచ్చింది. గిన్నెకు పిండి అద్ది, నువ్వులు, పల్లీలు కనిపించేలా సర్వపిండి కాల్చింది.

అమ్మ తలపట్టుకుంది. "అత్తమ్మా, గివన్ని జూస్తే మస్తు ఉన్నోళ్లమనుకుంటది. పిల్ల సదువు వోతది."

"ఇంటికొచ్చినామెను కింద కూసోవెడ్తమా? నాతోని గాదు."

మిట్టమధ్యాహ్నం గొడుగు వేసుకుని సిస్టర్ వచ్చింది. సన్నటి మనిషి, కేరళ యాస. కుర్చీలో కూర్చుని సర్వపిండి ఇష్టంగా తిని, చుట్టూ చూసి, "ఇల్లు చాలా బాగుంది అమ్మా" అంది. తలుపు దగ్గర నిలబడ్డ అమ్మ ముఖం పాలిపోయింది. నేను గుమ్మంలోకీ, వంటింట్లోకీ తిరుగుతూనే ఉన్నాను.

అంతలో కమలమ్మ వచ్చింది. "ఏమనుకోకుండ్రి పెద్దమ్మా. మా తమ్ముడోళ్లు అచ్చిండ్రు. జర కుర్చీలియ్యుండ్రి."

సిస్టరే లేచి, తను కూర్చున్న కుర్చీని ఎత్తి గడప దాకా తీసుకెళ్లి కమలమ్మకు అందించి, వచ్చి నానమ్మ పక్కన చాప మీద కూర్చుంది.

నానమ్మ మెల్లగా అంది: "అవి మావి గావు బిడ్డా. ఒకప్పుడు అన్ని ఉండె, గిప్పుడేం లేదు. గీ పిల్లను సదివియ్యుండ్రి. గని ఉత్తగ వద్దు."

"మీకు ఏం పని వచ్చు అమ్మా?"

"తొక్కు వెట్టుడొస్తది."

ఆ ఎండాకాలం నుంచి నేను పదో తరగతి దాటేదాకా, బడి హాస్టల్ పిల్లలకు మామిడికాయ తొక్కు నానమ్మే పెట్టింది. బడి వెనక పెరట్లో కత్తిపీట ముందు కూర్చుని, ఘాటుకు తుమ్ముతున్న సిస్టర్లను నవ్వుతూ కసురుకుంటూ, ఒకప్పుడు కూలీలకు పనులు చెప్పినట్టే వాళ్లకూ చెప్పేది.

నా గుబులు మాత్రం తగ్గలేదు. జూన్‌లో మాఫీ పిల్లలను ఆఫీసుకు పిలిచినప్పుడల్లా, వెనక నుంచి ఎవరు చూస్తున్నారో అని మెడ మండేది. మార్కులు తగ్గితే మాఫీ తీసేస్తారని ఎవరూ అనకపోయినా అమ్మ భయపడేది, ఆ భయం నాకూ అంటుకుంది. ఒకసారి మధ్యాహ్నం అన్నాల దగ్గర హాస్టల్ పిల్ల ఒకతి నా కంచంలో ఇంత తొక్కు వేసి, "తినవే, మస్తుంటది" అంది. "మా నానమ్మ వెట్టింది" అన్నాను. అంతదాకా ఎవరికీ చెప్పని మాట నేనే అన్నానా అని ఆశ్చర్యపోయాను. తొక్కు కోసం అందరూ కంచాలు ముందుకు జరిపారు.

ఇప్పుడు నానమ్మ లేదు. సిస్టర్ కేరళకు బదిలీ అయి వెళ్లింది, ఎక్కడుందో తెలియదు. ఆ పెరట్లో సిమెంటు పోసి స్కూలు బస్సులు నిలుపుతున్నారు. ఇళ్లు చూడటానికి కూడా ఎవరూ వెళ్లడం లేదు. మాఫీ కావాలంటే ఇంటి ఫోటో ఫోన్లో పంపాలట.

మొన్న అదే బడికి కూతురి అడ్మిషన్ కోసం వెళ్లినప్పుడు, వరుసలో నా ముందున్న ఆమె ఫోన్ నా వైపు తిప్పింది. "అక్కా, జర జూడు. గీ ఫోటోల టీవీ కనవడ్తుంది. మా అత్తమ్మ గూడ మంచి చీర గట్టుకొని కూసున్నది. టీవీని గూడ, అత్తమ్మను గూడ తీసెయ్యాల్నా?"

ఫోటోలో ఆ ముసలమ్మ నడుం నిటారుగా పెట్టి, నా వైపే సూటిగా చూస్తోంది.

"అత్తమ్మను మాత్రం తియ్యకు చెల్లె" అన్నాను.