గ్రౌండ్‌లో ఉన్నా ఆబ్సెంటే

మేముండే మయూర్ విహార్‌కి మెట్రో వచ్చిన కొత్తల్లో, నేను పదకొండో తరగతిలో ఉండగా, మా స్కూలు వాళ్ళు హాజరూ మార్కులూ ఇంటర్నెట్‌లో పెట్టడం మొదలుపెట్టారు. పాస్‌వర్డు తల్లిదండ్రులకే. క్లాసులో అందరం దానికి 'జాసూస్' అని పేరు పెట్టి, ఆ గూఢచారిని నోరారా తిట్టుకున్నాం. అసలు దొంగలకి మాత్రం దానివల్ల ఏ ఇబ్బందీ రాలేదు. వాళ్ళు పొద్దున్నే హాజరు పలికి, ఆ తర్వాత వెనక గేటు దూకి సినిమాకి పోయేవాళ్ళు. వాళ్ళ రికార్డు కడిగిన ముత్యం. ఇరుక్కున్నది నేను.

నేను బాస్కెట్‌బాల్ ఆడేదాన్ని. జోనల్ పోటీలకి మొదటిసారి నన్ను ఆడే ఐదుగురిలోకి తీసుకున్నారు. ప్రాక్టీసు మొదటి పీరియడ్‌లోనే. కాగితం రిజిస్టరు ఉన్న రోజుల్లో, గ్రౌండ్‌లో ఉన్నవాళ్ళ పేర్ల ఎదుట క్లాస్ టీచర్ చుక్క పెట్టి, మేము చెమటలు కక్కుకుంటూ వచ్చాక దాన్ని 'పి'గా దిద్దేవారు. కంప్యూటర్లో చుక్కకి చోటు లేదు. ఉన్నారా, లేరా, అంతే. మొదటి పీరియడ్ అయ్యేసరికి అది మూసుకుపోయేది.

నాన్న గుర్గావ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఆయన పనే ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం. ఒక సాయంత్రం బూట్లైనా విప్పకుండా అడిగారు.

"వారం నుంచి స్కూలుకి పోకుండా ఎక్కడ తిరుగుతున్నావే?"

"గ్రౌండ్‌లో ఉన్నా నాన్నా. ప్రాక్టీసు."

"సిస్టమ్‌లో ఆబ్సెంట్ అని ఉంది."

"సిస్టమ్ తప్పు! మై స్కూల్ మే హీ థీ, పాపా!" స్కూల్లోనే ఉన్నానని అరిచాను. కోపమొస్తే నాకు హిందీయే వస్తుంది.

"ముందు తెలుగులో మాట్లాడటం నేర్చుకో. ఆట పేరు చెప్పి ఊరు తిరుగుతున్నావు."

అమ్మ వంటింట్లోంచి వచ్చి, "టీచరుకి ఒక్క ఫోన్ చేస్తే పోలా అండీ?" అంది.

"చేసి? మా అమ్మాయి ఎక్కడ తిరుగుతోందో మాకే తెలీదని చెప్పుకోనా? ఛీ!"

అమ్మ తిరిగి వంటింట్లోకి వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. రోజంతా బగ్గులు వెతికే మనిషి, మా స్కూలు ప్రోగ్రాములో తప్పుండొచ్చని ఒక్క క్షణమైనా అనుకోలేదు. తప్పంటూ ఉంటే అది నాలోనే ఉండాలి కాబోలు! జోనల్‌కి పంపేందుకు సంతకం పెట్టనన్నారు. నెత్తీ నోరూ కొట్టుకున్నా వినలేదు.

క్లాస్ టీచర్ దగ్గరికి వెళ్ళి ఏడ్చాను. "ఠీక్ హో జాయేగా బేటా, సరిచేయమని ఆఫీసుకి రాశాను" అన్నారు. సరయ్యేలోపే మ్యాచ్ రోజు వచ్చింది. లెక్కల క్లాసు కిటికీలోంచి మా టీమ్ వ్యాను గేటు దాటడం చూశాను. నా బదులు ఇంకో అమ్మాయి వెళ్ళింది. ఓడిపోయి తిరిగొచ్చారు. చాలా రోజులు వాళ్ళెవరూ నాతో సరిగా మాట్లాడలేదు. చేతకాక తప్పుకున్నాననుకున్నారు.

తర్వాతి వారం నాన్న తేలికపడ్డ మొహంతో ఇంటికొచ్చారు.

"అచ్ఛా, అన్నీ ప్రెజెంట్‌గా మార్చారు. అయితే నువ్వు స్కూల్లోనే ఉన్నావన్నమాట. ఆ మాట అప్పుడే గట్టిగా చెప్పొచ్చుగా?"

ఎంత గట్టిగా చెప్పానో పక్క ఫ్లాట్ ఆంటీకి కూడా తెలుసు. ఆ సాయంత్రం కూడా ఆయన నమ్మింది నన్ను కాదు, స్క్రీన్‌నే. అది నాకు మ్యాచ్ పోయినదానికంటే ఎక్కువ నొప్పి పెట్టింది. ఆ తర్వాత స్కూల్లో ఏం జరిగినా నేను ఇంట్లో చెప్పలేదు. ఆయన అడగనూ లేదు. ఆఫీసులో కూర్చుని జాసూస్‌లోనే చూసుకునేవారు.