తలకు గంజి పెట్టుకున్న ఆదివారం

ప్రమాదం ముంచుకొస్తోందని నాకు మొదటిసారి తెలిసింది ఒక శుక్రవారం పొద్దున, తలంటుకుని ఎండలో కూర్చున్నప్పుడు. వెనక నిలబడి నా జుట్టుతో ఆడుకుంటున్న మా ఐదేళ్ళ అమ్మాయి పాపిట్లో వేలు పెట్టి అటూ ఇటూ నడిపించి, "అమ్మా, నీ పాపిట్లో ఎద్దులబండి పోతాదే!" అంది. తడిమి చూసుకున్నాను. బండేమిటి, ఎమ్మిగనూరు నుంచి ఆదోని పోయే బస్సే పట్టేలా ఉంది. ఆ రోజుల్లో నాలాంటి చదువుకున్న కోడలికి రెండే ఆస్తులు: కాలేజీ సర్టిఫికెట్టు, జడ. మొదటిది పెట్టెలో భద్రంగా ఉండేది. రెండోది దువ్వెనలో, దిండు మీద, చివరికి మా మామ సంగటి ముద్దలో కూడా కనిపించేది. ఇదంతా ఎప్పుడంటే, సెలవుల తరువాత బాలికల బడిలో టీచరుగా చేరమని నాకు ఉత్తరం వచ్చినప్పుడు. నలభై మంది ఆడపిల్లలు నాకు 'గుండు టీచరు' అని పేరు పెట్టడానికి ఎంతసేపు పడుతుంది? (నేను చదువుకునేటప్పుడు మా లెక్కల టీచరుకు పేరు పెట్టింది నేనే. అందుకే అంత భయం.) జుట్టు నిలిస్తేనే బడికి పోవాలి, లేకపోతే రానని రాసేయాలి అని మనసులో తీర్మానించుకున్నాను.

మా ఆయన నన్ను ఆదోనిలో పత్తి మార్కెట్ వెనక ఉండే వైద్యుడి దగ్గరికి తీసుకుపోయారు. ఆయన్ని అందరూ ఉసిరికాయ అయ్యవారు అనేవారు (ఏ రోగానికైనా ఉసిరికాయతోనే మొదలుపెడతాడు కనుక). నేను తల చూపిస్తుంటే ఆయన చెయ్యి అడిగి, కళ్ళు మూసుకుని నాడి చూస్తూ కూర్చున్నాడు. "కాన్పయి ఎన్ని నెలలు తల్లీ?" నాలుగన్నాను. "కారెం?" మా ఇంట్లో ఎర్రకారం లేనిదే ముద్ద దిగదన్నాను. "నిద్దర?" పిల్లవాడు పోనిస్తే కదా అన్నాను. "దిగులు?" దీనికి మాత్రం మా ఆయన జవాబు చెప్పారు: "అదైతే దినానికి మూడు పూటలా, అయ్యవారూ."

"పిత్తం పెరిగింది తల్లీ. ఆ వేడి కుదుళ్ళ దాకా ఎక్కింది. దానికి తోడు కాన్పు. గుంటగలగరాకు నూనె ఇస్తా, వారానికి రెండుసార్లు వేళ్ళ కొనలతో మెల్లగా రుద్దుకో. మజ్జిగ, నెయ్యి, ఉసిరికాయ తిను. కారెం తగ్గించు. ఆర్నెల్లు ఓపిక పట్టు. రాలేది రాలుతాది, వచ్చేది వస్తాది."

ఆర్నెల్లు! బడి తెరిచేది మూడు వారాల్లో. బస్సులో వచ్చేటప్పుడు లెక్క వేశాను. వారానికి రెండు చొప్పున ఆర్నెల్లకు యాభై రెండుసార్లు. అదే రోజుకు మూడుసార్లు రుద్దితే పద్ధెనిమిది రోజుల్లో పని పూర్తి. (లెక్క తప్పు కాదు. ఇప్పుడు చూసినా సరిగ్గానే వస్తుంది.) దీక్షగా రుద్దాను. దిండ్లు నల్లబడ్డాయి, నా వేళ్ళు నొప్పి పుట్టాయి, ఆ రుద్దుడుకు మిగిలిన జుట్టు కూడా చేతికి రావడం మొదలుపెట్టింది.

బడి తెరిచే ముందురోజు ఆదివారం. మాది నేతవాళ్ళ ఇల్లు. ఆ పొద్దు వీధిలో పడుగు, అంటే నేతకు పెట్టే నిలువు దారాలు, చాచి ఉంది. మగ్గం మీద దారం తెగకుండా పడుగుకు జొన్నగంజి పట్టించి, పెద్ద కుంచెతో దువ్వి ఎండబెడతారు. మా అత్త ఆ గంజి చెంబుతోనే వచ్చి, రాలిన వెంట్రుకలు లెక్కపెట్టుకుంటున్న నా ముందు నిలబడింది.

"ఏమ్మే, దారం తెగుతాంటే ఏం జేస్తాం?"

"గంజి పెడతాం అత్తా."

"మరి ఎంటిక తెగుతాంటే?"

నవ్వి ఊరుకోవలసింది. కానీ అందులో నాకు తప్పేమీ కనిపించలేదు. (కాలేజీలో తర్కశాస్త్రం చదివాను కూడా.) మంచం మీద నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, జుట్టు పట్టె మీదుగా చాచి, అత్త గంజి పూస్తుంటే పక్కింటి వదిన కుంచెతో దువ్వింది. "కదలాకే, వరస సెడిపోతాది!" అని ఇద్దరూ గదమాయించారు. గంటసేపు ఎండబెట్టారు. లేచి కూర్చుంటే జుట్టు వంగలేదు. చూరులా వెనక్కి నిలబడింది. ఎవరు పిలిచారో అని మెడ తిప్పితే వదిన చెంపకు తగిలింది. వాసన పట్టి వీధి చివర నుంచి ఒక మేక బయలుదేరింది.

అప్పుడే వచ్చిన మా మామ నా చుట్టూ ఒకసారి తిరిగి, వేలితో మీటి చూసి, "పడుగు శానా బాగొచ్చింది. ఏ మగ్గానికి ఎక్కిస్తారప్పా?" అన్నాడు.

"నువ్వు పో ఆడికి! రేపు బడికి పోవాల ఆ బిడ్డ," అని కసిరింది అత్త. నాతో, "నానబెడితే పోతాదిలే," అంది.

"జుట్టునా, నన్నా అత్తా?"

"ఇద్దర్నీ."

పొద్దు వాలేదాకా కుంకుడు రసం, కాగుల కొద్దీ వేడినీళ్ళు. గంజితోపాటు గుప్పెళ్ళుగా జుట్టు కూడా పోయింది. నీళ్ళలో తేలుతున్న ఆ కుచ్చులు చూసి భోరుమన్నాను. బడికి పోనని, రానని రాసేస్తానని ఏడ్చాను. అత్త చేతిలోని చెంబు కింద పెట్టి, తన ముసుగు తీసి తల వంచింది.

"సూడు. నీ మొగుడు పుట్టినప్పుడు నాదీ ఇట్లే పోయింది. మళ్ళా రాలేదా?"

నిజమే, ఒత్తుగా ఉంది. ఏడుపు ఆపి అడిగాను. "అది ముందే సెప్పొచ్చు కదా అత్తా! ఈ గంజి ఎందుకు పెట్టినావు?"

"ఏమన్నా సెయ్యి, ఏమన్నా సెయ్యి అని పానం తీస్తాంటివి గదమ్మే! ఊరికే ఉండు అంటే నువ్వు ఇంటావా?"

ఆరేళ్ళయింది. అయ్యవారు చెప్పినట్టే జుట్టు తన తీరికను బట్టి మళ్ళీ వచ్చింది. పిల్లలు నిద్రపోయాక ఇది రాస్తుంటే, బస్సులో కూర్చుని వేళ్ళు మడుస్తూ పద్ధెనిమిది రోజులని తేల్చిన ఆ పిల్ల మీద జాలి వేస్తోంది, ముద్దూ వస్తోంది. ఇప్పుడు కనిపిస్తే ఆ నూనె చెయ్యి పట్టుకుని కాసేపు పక్కన కూర్చోబెట్టుకునేదాన్ని.

ఆ ఆదివారం మరునాటి పొద్దున మిగిలినదాన్నే జడ అనుకుని అల్లుకున్నాను. బయలుదేరే ముందు ఒళ్ళోకి తీసుకుంటే చంటివాడు ఆ జడను గుప్పిట పట్టి లాగాడు. "అమ్మా, తమ్ముడు పీకుతాండాడు!" అని పెద్దది పరుగెత్తుకొచ్చి వాడి వేళ్ళు విడదీయబోయింది. నేనే వద్దన్నాను.

"పట్టుకోనీలే. వాడు పట్టుకునేంత ఉంది కదా. నేను బడి నుంచి వచ్చినాక నువ్వూ పట్టుకుందువుగానీ."