కేడీ గారి బావమరిది

ఆ రోజుల్లో ఎస్సై అంటే ఇప్పటిలా జీపులూ ఫోనులూ కావు. ఒక సైకిలు, ఒక టోపీ, గంజి పెట్టిన ఖాకీ నిక్కరు, ఆ నిక్కరు లోపల నాలాంటి ఒక బక్కపలచని కుర్రాడు, అంతే. యుద్ధం నడుస్తోంది. కిరసనాయిలుకు కంట్రోలు, పంచదారకు కంట్రోలు, నా నోటికి మాత్రం ఏ కంట్రోలూ లేదు. శిక్షణలో మాకు పాఠం చెప్పిన ముసలాయన ఒకరు ఉండేవారు. "నేరం జరిగాక దొంగను పట్టుకోవడం గొప్పేమీ కాదు. జరగకముందే ఆపేవాడే అసలైన అధికారి" అని బల్ల గుద్ది మరీ చెప్పేవారు. తక్కినవాళ్లు కునుకు తీస్తుంటే నేనొక్కణ్ణే నోరు తెరుచుకుని వినేవాణ్ణి. (ఆ కునుకు తీసినవాళ్లంతా తరవాత నాకంటే పెద్ద హోదాల్లో రిటైరయ్యారు, అది వేరే సంగతి.) ఆయన చెప్పిన ఉపాయాల్లో నాకు మరీ నచ్చింది ఒకటుంది. అనుమానితుణ్ణి "ఒరేయ్" అనకూడదట, వరస పెట్టి పిలవాలట. అలా పిలిస్తే మనవాడైపోతాడు, మనవాడు మన ఇలాకాలో దొంగతనం చెయ్యడు. ఎంత తేలిక!

ఇంత విజ్ఞానం బుర్రలో పెట్టుకుని, రేపల్లె వైపు మాగాణి గడ్డ మీద పుట్టిన నేను గురజాల దాపున ఒక స్టేషనుకు వచ్చిపడ్డాను. అక్కడ పద్ధతి వేరుగా ఉంది. ఒకసారి దొంగతనం కేసులో శిక్ష పడ్డవాణ్ణి స్టేషను భాషలో 'కేడీ' అనేవారు. రోజూ పొద్దుగూకే వేళకు కానిస్టేబులు వెళ్లి, వాడి ఇంటి ముందు నిలబడి, వీధంతా వినపడేలా "ఒరేయ్, ఉన్నావా?" అని కేకేయాలి. లోపల్నుంచి "ఉన్నా దొరా" అని జవాబు రావాలి. మా ఊళ్లో అలాంటివాడు ఒక్కడే ఉండేవాడు, పేరు కన్నాలాయన. ఏదో కరువు ఏడాది ఒక కామందు కొట్టు గోడకు గునపంతో కన్నం వేసి జొన్నలు ఎత్తుకెళ్లాడట. శిక్ష అనుభవించి వచ్చి, అదే గునపంతో నాపరాయి గనిలో రాళ్లు లేపుకుంటూ బతుకుతున్నాడు. పని నుంచి రావడం ఆలస్యమైతే కేకకు కూతురు జవాబు చెప్పేది. "వస్తన్నాడండీ, దారిలో ఉన్నాడండీ" అనేది. ఆ గొంతులో వణుకు నేనొకసారి స్వయంగా విన్నాను. విన్నాక నాకు అన్నం సయించలేదు. ఈ పద్ధతి మార్చి తీరాలనుకున్నాను.

"రేపట్నుంచి కేకలు బందు. నేనే పగటిపూట వెళ్లి, బావా అని పలకరించి వస్తాను" అన్నాను మా హెడ్డు గారితో. ఆయన నా తండ్రి వయసు మనిషి. నావైపు జాలిగా చూశాడు.

"అయ్యా, వరసలు పెట్టుకోమాకండి. ఈ పల్నాట్లో వరస కలిపితే ఇక వదిలిచ్చుకోలేరు."

"మీకు కొత్త పద్ధతులు తెలియవు" అన్నాను నేను ఠీవిగా.

మర్నాడు మధ్యాహ్నం సైకిలు తొక్కుకుంటూ వెళ్లి, కన్నాలాయన గుమ్మం ముందు ఆపి, గంట గణగణా కొట్టి, ఉన్న ప్రేమంతా గొంతులోకి తెచ్చుకుని, "ఏం బావా, ఇంట్లోనే ఉన్నావా?" అని కేకేశాను. లోపల గలగలా మాట్లాడుతున్నవాళ్లు ఒక్కసారిగా ఆగిపోయారు. గుమ్మంలోకి కన్నాలాయన వచ్చాడు. మొహం సున్నం కొట్టినట్టుంది. ఆయన వెనక తలపాగా, బారెడు మీసం ఉన్న ఒక కొత్త పెద్దమనిషి తొంగిచూశాడు. లోపల చాప మీద ఇద్దరు ముగ్గురు ముత్తయిదువలు, మధ్యలో తల వంచుకున్న ఒక కుర్రాడు. ఈపూరు వైపు నుంచి పెళ్లిచూపులకొచ్చారు! నా గుండె జారి సైకిలు పెడలు మీద పడింది.

"ఎవురండీ ఈయన? ఎస్సై గారు మీ ఇంటికెందుకొచ్చారు?" అన్నాడు మీసాలాయన.

అరిసెల పళ్లెం పట్టుకుని నిలబడ్డ ఆయన భార్య నావైపు చూసింది. అబ్బ, ఆ చూపు! నేను నోరు తెరిచి నిజం చెబితే ఆ సంబంధం అక్కడికక్కడే తప్పిపోతుంది. ఆ సంగతి ఆవిడకూ తెలుసు, నాకూ తెలుసు.

"మా తమ్ముడండీ" అంది ఆవిడ. పళ్లెంలో అరిసెలు సర్దుతూ, "వరసకు" అంది.

(నిజమే. ఆయన నాకు బావయితే ఆవిడ అక్కే గదా! అబద్ధమని ఏ కోర్టులోనూ రుజువు చెయ్యలేరు.)

"రండి, కూచోండి" అంటూ మీసాలాయన నా చెయ్యి పట్టి లాక్కెళ్లి చాప మీద కూలేశాడు. చేతికి మజ్జిగ గ్లాసొచ్చింది. గండం గడిచిందనుకున్నాను.

"మరి మేనమామ గారికి పెళ్లయిందా?"

"లేదండీ" అన్నాను. ఆ పూట నేను చెప్పిన ఒకే ఒక్క నిజం అది. దాంతోనే కొంప మునిగింది.

మీసాలాయన గ్లాసు కింద పెట్టాడు. "ఏందీ! ఉద్యోగం చేసే మేనమామ పెళ్లి గాకుండా ఇంటో ఉంటే, పిల్లని మాకిత్తామంటారేంది? పిల్లలో ఏమన్నా లోపమా?"

తలుపు వెనక గాజులు చప్పుడయ్యాయి. అయ్యో, ఈ పిల్ల పెళ్లి నా చేతులారా చెడగొట్టానే అని నాకు ఏడుపొక్కటే తక్కువ. ఇంతలో మా అక్క (ఇక అక్క అనే అంటాను) పళ్లెం ఠక్కున కింద పెట్టి నామీదికి తిరిగింది.

"లోపం పిల్లలో గాదండీ, మా వోడి బుర్రలో ఉంది! పట్నంలో సదువుకున్న పిల్లగావాలంట. కాళ్లావేళ్లా పడ్డాం, ఇంటేనా? ఏరా, బెల్లంకొట్టిన రాయిలా కూచున్నావేంది, చెప్పు!"

ఉద్యోగంలో చేరాక నన్ను "ఏరా" అన్న మనిషి ఆవిడొక్కతే. నేను టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని, "తప్పేనక్కా" అన్నాను. కన్నాలాయనకు మజ్జిగ పొలమారింది.

మీసాలాయన నన్ను ఎగాదిగా చూశాడు. "సరే, ఎవురిష్టం ఆళ్లది. కానీ ఒక షరతు. పెళ్లికి గంప మీరే మొయ్యాల. ఈ టోపీ, ఈ బట్టలతోనే!"

పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి పీటల దాకా మోసుకురావడం మేనమామ వంతు. విషయం తెలిసి హెడ్డు గారు నవ్వను కూడా లేదు. "చెప్పాను గదయ్యా" అని నిట్టూర్చి, "మీ ఒక్కరి వల్లా యాడయిద్ది? రెండో పక్క నేను పడతాలే" అన్నాడు. అలా పెళ్లినాడు పట్టపగలు ఇద్దరు పోలీసులం పూర్తి యూనిఫారంలో, చెరో పక్కా గంప పట్టుకుని వీధిలో నడిచాం. "ఓయమ్మో, ఆ పిల్లేం జేసిందనే, పట్టుకుపోతన్నారు!" అని ఒక ముసలమ్మ గుండెలు బాదుకుంది. నా చేతులు పీకుతున్నాయి, టోపీ ముక్కు మీదికి జారింది. "దించమాకు మావయ్యా, అందరూ చూత్తన్నారు" అంది గంపలోంచి ఒక గొంతు. ఈసారి ఆ గొంతులో వణుకు లేదు.

తలంబ్రాలయ్యాక మీసాలాయన నన్ను పందిరి పక్కకు తీసుకెళ్లాడు. "ఎస్సై గారూ, ఆయన జైలు సంగతి మాకు ముందే తెలుసండీ. మీరు తమ్ముడు కారనీ తెలుసు. పిల్ల నచ్చింది, తండ్రి గురించే కొంచెం బెరుగ్గా ఉండింది."

"మరి ఆ రోజు నన్ను అంతలా నిలదీశారేం?"

"బావా అన్నోరు ఎంతవరకూ నిలబడతారో చూద్దామనీ! ఎస్సై గారే బామ్మర్దిగా ఉన్నోడు ఇంకెవురి గోడకి కన్నమేత్తాడండీ?"

ముసలాయన పాఠం నెగ్గింది! తరవాత కన్నాలాయన గునపం రాయిని తప్ప మరి దేన్నీ తాకలేదు. కానీ సాయంత్రం పిలుపు మాత్రం ఆగలేదు. పొద్దుగూకే వేళకు ఆయనే గని నుంచి వస్తూ స్టేషను ముందు నిలబడి, వీధంతా వినపడేలా "ఏం బామ్మర్దీ, ఉన్నావా?" అని కేకేసేవాడు. నేను లోపల్నుంచి "ఉన్నా బావా" అనేవాణ్ణి. ఒక్కరోజు ఆలస్యంగా పలికితే, ఒంట్లో బాలేదేమోనని అక్క జొన్నరొట్టె, గోంగూర పచ్చడి పంపేది. బదిలీ అయి బండెక్కినప్పుడు నన్ను సాగనంపడానికి వచ్చి కొంగుతో కళ్లు తుడుచుకున్నది ఆవిడే. నాకూ ఏడుపొచ్చింది, టోపీ అడ్డం పెట్టుకున్నాను.

ఇప్పుడు బావా లేడు, అక్కా లేదు. కానీ దీపాలు పెట్టే వేళ వీధిలో ఎవరు ఎవరిని కేకేసినా నా నోరు నన్నడగదు, "ఉన్నా" అనేస్తుంది. "ఎవరికండీ ఆ జవాబు?" అంటుంది మా ఆవిడ వంటింట్లోంచి. పట్నంలో చదువుకున్న పిల్ల, ఆవిడకు ఈ వరసలు ఎక్కడ అర్థమవుతాయి!