నేను ఆపిన అన్నం

మొన్న జనగామలో పిల్లలకు పరీక్ష పెట్టబోయి నేనెట్లా ఇరుక్కున్నానో వినండి.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి కాలేజీల పిల్లలకు మూడు రోజుల లీడర్‌షిప్ ట్రైనింగ్ జరిగింది. అది పనిచేసిందో లేదో తేల్చడం నా డ్యూటీ. నా రిపోర్టు బాగుంటేనే రెండో బ్యాచ్. అడిగితే అందరూ "మంచిగున్నదన్నా" అంటున్నారు. దానికి మార్కులెట్లా వేయాలి? నిజంగా కష్టమొస్తే వీళ్లలో ముందు లేచేదెవరు? తెలుసుకోవాలని నాకు ఒకటే ఆరాటం.

అందుకే ఆఖరి రోజు, నేను ఫోన్ చేసేదాకా అన్నం తేవొద్దని వంటచేసే యాదమ్మక్కకు రహస్యంగా చెప్పాను. ల్యాప్‌టాప్ తెరిచి వెనక కూర్చున్నాను. నా లెక్కలో భూపాలపల్లి మాటకారి సందీప్‌కు డెబ్బై శాతం ఛాన్స్. మహబూబాబాద్ జిల్లా గూడూరు దగ్గరి తండా నుంచి వచ్చిన సునీత మూడు రోజులుగా నోరే విప్పలేదు. ఆమెకు ఐదు శాతం, అదీ జాలితో.

భోజనం వేళ దాటింది. సందీప్ బెంచీ మీద నిద్రపోయాడు. సునీత చప్పుడు కాకుండా లేచి బయటికి వెళ్లింది. నేను ఆత్రంగా అంకెలు మారుస్తుండగానే తిరిగొచ్చింది. వెనకే గిన్నెలతో యాదమ్మక్క.

"నాదేం లేదు బిడ్డా, గీ సారే ఆపుమన్నడు."

హాలంతా నా వైపు తిరిగింది. ఒకరిద్దరు గట్టిగా అరవబోయారు. సునీత చెయ్యెత్తింది.

"ఆగుండ్రి. ఎదుటోళ్ల మాట వినకుండ తీర్పు చెప్పొద్దని నిన్ననే నేర్చుకున్నం గదా. అన్న ఏమంటడో ఇందాం."

అందరూ గుండ్రంగా కూర్చున్నారు. నన్ను మధ్యలో కూర్చోబెట్టారు. నేను ప్రయోగం గురించి వివరించాను.

"ఆకలి మీద పరీక్షనా అన్నా?" అంది సునీత.

నిద్రలేచిన సందీప్ నా తరఫున బాగానే వాదించాడు. ఓటింగ్‌లో ఇద్దరం చిత్తుగా ఓడిపోయాం. జనగామ సలీం సూచించిన శిక్ష ఖాయమైంది: నేనే అందరికీ వడ్డించాలి. మా వైపు బంతిలో వడ్డించేవాళ్లు అందరి తర్వాతే తింటారు.

ఆఖరి రోజని మటన్ వండారు. ఎవరు మారు అడిగినా కాదనే ధైర్యం నాకు లేదు. నా వంతు వచ్చేసరికి గిన్నెలో మాంసం లేని బొక్క ఒకటి, రెండు ఎల్లిపాయలు ఉన్నాయి.

"పచ్చిపులుసు పొయ్యమంటవా అన్నా?" అంది సునీత, జాలిగా.

సాయంత్రం ఈ ట్రైనింగ్ పెట్టించిన మా మేడమ్‌కు ఫోన్ చేసి, ట్రైనింగ్ అద్భుతంగా పనిచేసింది, రెండో బ్యాచ్ పెట్టాల్సిందే అన్నాను. ఆధారమేంటని అడిగారు.

"నాకింకా ఆకలిగానే ఉంది మేడమ్."