పడవ మునిగింది గోదావరిలో

మా నాయనకు పుంగనూరులో బట్టల అంగడి ఉండేది. యుద్ధం రోజులు. మద్రాసు పేపరు ఒకరోజు ఆలస్యంగా సాయంత్రం బస్సులో దిగేది. నాయన కళ్లకు పొరలు కమ్మి అక్షరాలు కనబడేవి కావు. అందుకని నేనే అంగట్లో కూర్చుని చదివి వినిపించేదాన్ని. అప్పటికి నాకు పదిహేనేళ్లు.

పేపర్లో పడ్డ ప్రతి వార్తా తనకోసం రాసిన ఉత్తరమని ఆయన నమ్మకం. ఎక్కడో మిల్లు తగలబడితే ఆ వారం కొత్త సరుకు తెప్పించేవాడు కాదు. ఎక్కడో ఏనుగు తప్పించుకుంటే మా ఆవును రెండు పలుపులతో కట్టించేవాడు. మొదట్లో నాకది నవ్వులాటగానే ఉండేది.

ఒకరోజు కుప్పం నుంచి బావ ఉత్తరం వచ్చింది. అక్కకు పది రోజులుగా జ్వరం విడవలేదనీ, అమ్మను కలవరిస్తోందనీ, వెంటనే పంపమనీ రాశాడు. అమ్మ మూట కట్టుకుంది. మర్నాడు పొద్దున బస్సు వచ్చేలోగా నాయన ముందురోజు పేపరు చదవమన్నాడు. చదివాను. గోదావరిలో పడవ మునిగిందట. పోయినవాళ్లలో కూతుర్ని చూడబోతున్న తల్లి ఒకామె ఉందట.

నాయన ముఖం పాలిపోయింది. "బిడ్డను సూడబోయే తల్లంట. ఇంతకన్నా ఎట్ల సెప్తారు? పొయ్యేది లేదు."

మా అంగడి పంచలో మిషను కుట్టుకునే దర్జీ సాయిబు తలెత్తాడు. "అప్పా, పడవ మునిగింది గోదావరిలో. కుప్పం దోవలో గోదావరి యాడుండాదప్పా? ఆయమ్మను పంపీ."

"నీకు తెలీదులే" అన్నాడు నాయన.

అమ్మ ఏడ్చింది. కాళ్లు పట్టుకుంది. నాలుగు రోజులు మూట విప్పకుండా గడపలోనే కూర్చుంది. నాలుగో రోజు పేపర్లో, గనిలో చిక్కుకున్న కూలీలు ప్రాణాలతో బయటపడ్డారని చదివాను. "ఇప్పుడు పోదాం పాండి" అని నాయనే లేచాడు.

మర్నాడు పొద్దున్నే బయల్దేరి పలమనేరులో బస్సు మారాం. పెట్రోలు కరువులో బొగ్గుతో నడిపే ఆ బస్సు వెంకటగిరికోట దగ్గర చాలాసేపు మొరాయించింది. కుప్పం చేరేసరికి పొద్దు వాలింది. అక్క ముందురోజే పోయింది. దహనం కూడా అయిపోయింది. బావ వాళ్లమ్మ అమ్మను పట్టుకుని, "నిన్న మజ్జానం దాకా వాకిలి పక్కే సూస్తా ఉండె. మాయమ్మ వస్తాండాది, తలుపెయ్యొద్దండి అనె" అంది.

తిరుగు బస్సులో నాయన అన్నాడు: "పేపరు సావును ముందే సెప్పింది. అది తల్లికనుకుంటి. బిడ్డకంట."

ఆయన గొంతులో ఏడుపు ఉంది. తప్పు చేశానన్న మాట మాత్రం లేదు. నాకు ఒళ్లంతా మండింది. ఆయన మీద ఒక్కటే కాదు, నా మీద కూడా. ఆ పడవ వార్త చదివిన నోరు నాది. దాన్ని దాటేసి కిందిది చదివి ఉంటే అమ్మ వెళ్లి ఉండేది.

ఏడాది తిరిగేసరికి అమ్మకు దగ్గు పట్టుకుంది. ఒకరోజు కొంగులో నెత్తురు పడింది. మదనపల్లె ఆస్పత్రికి పోదామంటే, "పేపరు రానీ" అన్నాడు నాయన.

వచ్చింది. విప్పి, తడబడకుండా చదివాను: "నెత్తురు కక్కుతున్న భార్యను ఒక వర్తకుడు జాగు చేయక ఆస్పత్రిలో చేర్చగా ప్రాణము దక్కినది." పేజీలో ఆ చోట సబ్బు ప్రకటన ఉంది.

"ఇంగోసారి సదువు" అన్నాడు. పొల్లు పోకుండా అదే చదివాను.

మర్నాడు మొదటి బస్సుకే అమ్మను తీసుకుపోయాడు. ఆరు నెలలకు అమ్మ తేరుకుని ఇంటికొచ్చింది. ఆ రోజే నాయనకు చెప్పేశాను.

"ఆ వార్త అబద్ధం నాయనా. నేనే కల్పించి సదివితి. అమ్మ నెత్తురును నమ్మకపోతివి, లేని వార్తను నమ్మితివి."

ఆయన ఉలిక్కిపడలేదు. మెల్లగా నవ్వాడు. "నీ నోట ఆ మాట పలికించింది ఎవురనుకుంటాండావు?"

చేతిలో ఉన్న పేపరు చించి ఆయన ముందు పారేశాను. మళ్లీ ఎన్నడూ ఆయనకు చదివి పెట్టలేదు. దారిన పోయేవాళ్లను బతిమాలి చదివించుకునేవాడు.

"మీ నాయనకు బయమ్మా. పెండ్లయినప్పట్నుంచీ అంతే" అంది అమ్మ ఒకసారి.

"బయమైతే బయమని సెప్పొచ్చు గదా. అక్క దగ్గరికి నువ్వొక్కదానివే పోయి ఉందువు."

అమ్మ ఆయన్ని ఎప్పుడో క్షమించేసింది. నాకు ఇన్నేళ్లయినా చేతకాలేదు.