హనుమక్కకు కాపలా కాసిన దొర

జిగణిలో మా ఇంటి ఓనరమ్మ హనుమక్క చాలా మంచి మనిషి. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే తక్కినదంతా విన్నాక మీకు ఆమె మీద కోపం వస్తుంది. నాకూ వచ్చింది. అయితే ఆమెకు తన మీద తనకే ఉన్న కోపం ముందు మన కోపాలు ఏ మూలకూ చాలవు.

తొంభైల నడుమ ఆ వీధిలో ఇళ్ళకంటే ఖాళీ సైట్లే ఎక్కువ. మోకాలెత్తు గడ్డి, గడ్డి నిండా పాములు. బాతుంటే పాము గడప తొక్కదని అక్కడ అందరి నమ్మకం. హనుమక్క భర్త రామాంజినప్ప గ్రానైట్ రాళ్ళు పాలిష్ చేసే ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఆయన సంతలో పెద్దబాతు పిల్లల జత కొని, తువ్వాల్లో చుట్టుకుని బస్సెక్కాడు. ఇల్లు చేరేసరికి ఒకటే ప్రాణాలతో మిగిలింది.

ఆ ఒక్కదాన్ని హనుమక్క పొయ్యి పక్కన బుట్టలో పెట్టి పెంచింది. రాగి సంగటిని నీళ్ళలో మెదిపి, ఆకుకూర సన్నగా తరిగి పెట్టేది. అది ఆమె కొంగు చివర పడుకునేది, ఆమె బావి దగ్గరికెళ్తే బావి దగ్గరికి, ముగ్గేస్తే ముగ్గు దగ్గరికి వెళ్ళేది. మరో బాతు మొహం చూసి ఎరగదు. పెరిగి తెల్లగా, బలంగా అయ్యాక మెడ నిక్కించి వీధిలో నడుస్తుంటే అందరూ దొర అని పేరు పెట్టారు.

హనుమక్కకు ఒక్కతే కూతురు, చైత్ర. బడి నుంచి రాగానే సంచీ అవతల విసిరేసి అమ్మ ఒళ్ళో పడేది. అమ్మ బియ్యం ఏరుతున్నా సరే, చేట పక్కకు నెట్టి మరీ పడేది. ఎప్పుడు చూసినా అమ్మను అంటిపెట్టుకుని ఉండేది.

దొరకు రెండేళ్ళు నిండిన చలికాలంలో గొడవ మొదలైంది. కార్తీకం దాటగానే వాడి తీరు మారిపోయింది. హనుమక్క ముందు నిలబడి మెడ కిందికీ పైకీ ఊపేవాడు. ఎక్కడి నుంచో గడ్డిపరక తెచ్చి ఆమె కాళ్ళ దగ్గర పడేసేవాడు. ఆమె మురిసిపోయింది.

"చూడు కాత్యాయనీ, ఎట్ల దండం పెడతా ఉండాదో! పెంచిన రుణం మర్చిపోలేదు" అని నన్ను పిలిచి మరీ చూపించేది. నాకూ ముచ్చటగానే అనిపించింది.

ఆ వారంలోనే వాడు చైత్రను కరిచాడు. మెడ నేలకు ఆనించి, బుస కొట్టుకుంటూ పరుగెత్తుకొచ్చి, పిల్ల తొడ పట్టుకుని మెలిపెట్టాడు. రెక్కతో కొట్టాడు కూడా. చైత్ర కేకలకు వీధి వీధంతా బయటికొచ్చింది.

హనుమక్క దొరను అదిలించి, కూతురి వైపు తిరిగింది. "మూగది సుమ్నే, ఊరికే ఎందుకు కరుస్తాది? నువ్వే ఏమో చేసుంటావు."

"నేనేమీ చెయ్యలేదమ్మా."

"అబద్ధం చెప్పొద్దు. రాయి వేసినావా? కట్టెతో పొడిచినావా?"

హనుమక్క లెక్క ఒకటే. జంతువు పగ లేకుండా కరవదు. ఆ లెక్కకు రుజువు కూడా ఇంట్లోనే ఉంది. రామాంజినప్పనూ దొర కరిచాడు. ఆయన ఒకప్పుడు ప్యాంటు పాడుచేసిందని ఆ బాతును తన్నాడు. గేటు బయటే పాలు పోసి వెళ్ళే ఆసామిని ఎన్నడూ కరవలేదు. ఆయన పాపం ఏమీ చెయ్యలేదు కదా! మొగుడు తన్నాడు గనక కరిచింది, పాలాయన తన్నలేదు గనక కరవలేదు, పిల్లను కరిచిందంటే పిల్ల ఏదో చేసే ఉంటుంది. అంతే.

ఆ చలికాలమంతా చైత్ర కరిపించుకుంది, పైగా తిట్లు తింది. రెండుసార్లు దెబ్బలూ తింది. నేను అడ్డం వెళితే, "నీకు తెలీదు, ఇది శానా తుంటరి" అని హనుమక్క నా నోరు మూయించింది.

శివరాత్రి పోయి ఎండలు ముదిరేసరికి దొర చల్లబడ్డాడు. చైత్ర పక్కనుంచి పోయినా పట్టించుకోలేదు. "చూసినావా, నాలుగు తగిలిస్తే బుద్ధి వచ్చింది" అంది హనుమక్క. బుద్ధి వచ్చింది చైత్రకట! ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

మళ్ళీ చలి వచ్చింది. మళ్ళీ దండాలు, గడ్డిపరకలు, కాట్లు. "మళ్ళా మొదులుపెట్టినావా?" అని హనుమక్క కూతురి మీదే విరుచుకుపడింది. తనేమీ చెయ్యలేదని కూడా ఈసారి చైత్ర అనలేదు.

ఒకరోజు ఎదురింటి ఆవును చూడటానికి పశువుల డాక్టరు వచ్చాడు. హనుమక్క ఆయనతో మాట్లాడుతుంటే దొర ఆయన మీదికి ఎగిరాడు. డాక్టరు తన బ్యాగు అడ్డం పెట్టుకుని నవ్వాడు.

"దీన్ని ఒంటిగా పెంచినారా?"

"ఔను సార్, బిడ్డను పెంచినట్ల పెంచినాను."

"అదే అమ్మా వచ్చిన చిక్కు. ఇది జత కట్టే కాలం. దానికి తెలిసిన జత మీరే. ఆ మెడ ఊపేది, గడ్డి తెచ్చేది అందుకే. మీ దగ్గరికి ఎవరొచ్చినా తరుముతాది. ఎండలొస్తే ఊరకైతాది, చలికి మళ్ళా మొదులు."

"అంటే... దాన్ని ఎవురూ ఏమీ చెయ్యకపోయినా కరుస్తాదా సార్?"

"చెయ్యాల్సిన పని లేదమ్మా. మీ దగ్గరికి ఎవురు ఎక్కువ వస్తే వాళ్ళనే ఎక్కువ కరుస్తాది."

  డాక్టరు వెళ్ళాక హనుమక్క దొరను వెనక షెడ్డులో పెట్టి గడియ వేసి, గడప మీద కూర్చుంది. నేను కాఫీ ఇచ్చినా తాగలేదు.

సాయంత్రం చైత్ర బడి నుంచి వచ్చింది. గేటు దగ్గర ఆగింది. సంచీ కింద పెట్టి, రెండు చేతులూ ముందుకు చాపి, అరచేతులు తెరిచి నిలబడింది. రాయి గానీ పుల్ల గానీ తెస్తోందేమోనని హనుమక్క కొన్నాళ్ళుగా గేటు దగ్గరే చేతులు చూపించమని నిలదీస్తోంది. ఆ వేళ దొర అక్కడ లేడు. పిల్ల ఆ చేతులు చూపిస్తున్నది అమ్మకు.

హనుమక్క పరుగెత్తి కూతుర్ని పట్టుకుని ఏడ్చింది. "నీ తప్పేమీ లేదు తల్లీ, నేనే పాపిష్టిదాన్ని" అంది. చైత్ర కదలకుండా నిలబడింది. ఏడవలేదు, అమ్మ మెడ చుట్టూ చేతులు వేయలేదు.

దొరను ఆనేకల్ వైపు చెరువు పక్కన బాతులు పెంచే దొడ్డప్ప అనే ఆయనకు ఇచ్చేశారు. కొన్నాళ్ళకు హనుమక్క చూసి రావడానికి వెళ్ళింది. మంద అంతా నీళ్ళలో ఉంటే వాడొక్కడే గట్టు మీద ఉన్నాడట. ఆమెను చూసి మెడ ఊపుతూ పరుగెత్తుకొచ్చాడట. ముట్టుకుంటే మందలో ఎప్పటికీ కలవడని దొడ్డప్ప చెబితే, ఆమె ముట్టుకోకుండానే బస్సెక్కేసింది. "ఇద్దురినీ నేనే చెడిపినాను కాత్యాయనీ" అంది నాతో. 

చైత్ర చదువుకుంది, ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం తెచ్చుకుంది. తల్లిని పల్లెత్తు మాట అనదు. జీతం రాగానే మొదట అమ్మకే చీర కొంటుంది. మొన్న ఆదివారం ఆఫీసు స్నేహితురాలు ఫాతిమాను భోజనానికి పిలిచింది. నేనూ వెళ్ళాను. అందరం చాప మీద కూర్చున్నాం. హనుమక్క పక్కన చోటు ఖాళీగా ఉంది.

చైత్ర పళ్ళెం పట్టుకుని వచ్చి, రెండడుగుల దూరంలో ఆగింది. "నీ పక్కన కూర్చోనా అమ్మా?" అని అడిగింది.

ఫాతిమా ముచ్చటపడిపోయింది. "ఇంట్లో అమ్మను కూడా పర్మిషన్ అడుగుతుందా! ఎంత మంచి మేనర్స్ నేర్పించారాంటీ!"

హనుమక్క చేతిలో ముద్ద పళ్ళెంలో పెట్టేసింది.

"మేనర్స్ కాదమ్మా అది, భయం" అంది. "నేనే కొట్టి నేర్పినాను."

చైత్ర ఇంకా నిలబడే ఉంది, అమ్మ సరే అనేదాకా.