వదిన పెట్టించిన పినియన్

మా అన్న కారు ఘాట్ మలుపులో పళ్లు రాల్చుకుని కూలబడిన రోజు మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. గొర్రెల మంద సగం అమ్మి కొన్న కారు మరి. పోలీసు యాక్షన్ తర్వాత ఒక దొర పట్నం పోతూ పోతూ వదిలించుకున్న అమెరికా బండి. ఎనిమిది సిలిండర్లు, మా పశువుల కొట్టమంత ఒళ్లు. అచ్చంపేటలో దాన్ని కిరాయికి తిప్పేవాడు అన్న. కింద కల్వకుర్తి వైపు, పాలమూరు వైపు ఉరికేది. పైన మన్ననూరు ఘాట్ మాత్రం ఏడుస్తూ ఎక్కేది, సగం సార్లు ఎక్కనే ఎక్కేది కాదు.

అన్నకు ఘాట్ కన్నా చదును రోడ్డంటే ప్రాణం. బస్సును దాటి వచ్చిన రోజు రెండు ముద్దలు ఎక్కువ తినేవాడు. ఎట్లా దాటాడో చెప్తూ తినేవాడు కాబట్టి మాకు కూర చల్లారిపోయేది.

రాలినవి వెనక ఇరుసు మధ్యలో ఉండే పళ్లు. అక్కడ ఒక పెద్ద పళ్ల చక్రం, దాన్ని తిప్పే చిన్న పళ్ల చక్రం ఉంటాయి. పెద్దది క్రౌన్, చిన్నది పినియన్. ఒకటి పోయినా రెండూ జతగానే మార్చాలి. గొర్రెల ఇంట్లో పుట్టిన పిల్లకు ఇవెట్లా తెలుసని మా అత్తగారు తర్వాత చాలాసార్లు ఆశ్చర్యపోయింది. గొర్రెలున్న ఇంట్లో గొర్రె రోగాలు తెలిసినట్టే, కారున్న ఇంట్లో కారు రోగాలు తెలుస్తాయి. ఇందులో నా గొప్పేం లేదు.

పాలమూరు మిస్త్రీ పాత సామాన్ల బజారులో రెండు జతలు చూసిపెట్టాడు. ఏది తేవాలో తేల్చుకోవడానికి అన్న ఇంటికొచ్చాడు. వదినా నేనూ చింతపండు గింజలు తీస్తున్నాం. వదినకు అప్పుడు ఆరో నెల.

"ఒక జత మన పాతదానసొంటిదే," అన్నాడు అన్న. "ఇంజన్ మూడుసార్ల మీద జర తిరిగితే చక్రం ఒక్కసారి తిరుగుతది. ఇంకోటి లోడు బండిది. ఇంజన్ అయిదుసార్ల దాంక తిరిగితెగాని చక్రం ఒక్క చుట్టు తిరగది."

"అయితే ఏందట?" అంది వదిన.

"గుట్టెక్కేటప్పుడు మనం చిన్న చిన్న అడుగులేస్తం. చదునున్న కాడ పెద్ద పెద్ద అంగలేస్తం. బండికి గేర్లతోని అట్ల మార్చుకునుడు కొంతవరకే. గీ జతేస్తే పెద్ద అంగల బండి, ఉరుకుతది. గా జతేస్తే చిన్న అడుగుల బండి. గుంజుతది, ఉరకది."

"గిప్పుడు నేను నడుస్తున్నట్టా?" అని వదిన పొట్ట మీద చెయ్యి పెట్టుకుని నవ్వింది.

ఆడబిడ్డ అర్ధమొగుడంటారు కదా, నేను వెంటనే తీర్పు చెప్పేశాను. ఉరికే జతే తేవాలి, బస్సు వెనక దుమ్ము తింటూ పోయే కారు మనకెందుకు అన్నాను. అన్న మొహం వెలిగింది. వదిన మాత్రం గింజలు తీయడం ఆపింది.

వదినది పైన మన్ననూరు. అంతకుముందు వానాకాలం, ఘాట్ మీది పెంటలో, అంటే అడవిలోని చెంచుల గూడెంలో, ఒకామెకు జ్వరం ముదిరింది. వదిన పుట్టింటికి తేనె తెచ్చిచ్చే మనిషి. అన్న కారు తీసుకుపోయాడు గానీ మూడో మలుపు దాటకుండానే నీళ్లు మరిగి బండి వెనక్కి వచ్చింది. ఆమెను మంచం మీద మోసుకొస్తుంటే దారిలోనే ప్రాణం పోయింది. వదిన ఆ సంగతి మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. ఆ రోజు ఎత్తింది.

"కిందోళ్లకు బస్సులున్నయి. పైనోళ్లకేమున్నది? ఎక్కలేని బండి ఎంత ఉరికితే ఏం ఫాయిద?" అంది.

 అన్నకు ఆ ఉరుకు అంటే ఎంత ఇష్టమో ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. చివరికి, "నీ మాటే కానియ్యి," అని లేచాడు. మర్నాడు గుంజే జత తెచ్చి బిగించారు. ఇంజను పాతది, మీటరు ముల్లు నలభై మైళ్లు దాటనిస్తే లోపల బేరింగులు కరిగిపోతాయని మిస్త్రీ మరీ మరీ చెప్పి పంపాడు.

ఆ పళ్లతో కారు ఘాట్‌ను మేకలా ఎక్కింది. చదును మీద మాత్రం ముల్లు ముప్పై దాటితే చాలు, చెవులు చిల్లులు పడేటట్టు హోరు. "బర్రె ఈనుతున్నట్టు అరుస్తున్నది," అని అన్న గొణిగేవాడు. "అరిస్తే అరవనియ్యి, ఎక్కుతున్నది గద," అనేది వదిన. పళ్లు బిగించిన వారంలోనే, చెట్టు మీది నుంచి పడి కాలు విరిగిన ఒక ముసలాయనను అన్న పై నుంచి దించుకొచ్చాడు. ఆ పూట వదిన నడకలో గర్వం చూడాలి. కారు తనే నడిపినట్టు!

రోహిణి ఎండల్లో వదినకు నొప్పులు వచ్చాయి. తెల్లవారుతూనే మొదలై పొద్దెక్కినా కాన్పు కాలేదు. మంత్రసాని చేతులు కడుక్కుంటూ బయటికొచ్చి, బిడ్డ అడ్డం తిరిగింది, తన వల్ల కాదు, పాలమూరు పెద్ద దవాఖానకు తీసుకుపొమ్మంది.

వెనక సీటులో బొంత పరిచి వదినను పడుకోబెట్టాం. తల నా ఒళ్లో. అమ్మ ముందు సీటులో కూర్చుని తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుతోంది. కల్వకుర్తి దాటాక రోడ్డు చాపలా చదును. అన్న పూర్వం గాలిలా పోయిన రోడ్డే అది. ముల్లు నలభై దగ్గర వణుకుతోంది, ఇంజను గుక్కపెట్టి ఏడుస్తోంది, మేము మాత్రం అక్కడే ఉన్నట్టుంది. ఖాళీ లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ మమ్మల్ని దాటిపోయింది. దాని మీద నాకు వచ్చినంత కోపం నా జన్మలో ఎవరి మీదా రాలేదు.

వదిన కింద బొంత తడిసిపోతోంది. నా చీర కొంగు కుక్కాను, అదీ తడిసింది.

"జర జల్ది పోనియ్యరాదయ్యా," అంది వదిన, ఉన్న బలమంతా గొంతులోకి తెచ్చుకుని.

అన్న వెనక్కి తిరగలేదు. "ఇంతకన్న పోదే! ఇంజన్ కరిగితే నడి తొవ్వల నిలవడ్తం!" అని అరిచాడు.

వదిన నా మెడ పట్టి కిందికి వంచుకుంది. "నేనే గద పెట్టిచ్చిన. ఆయన్నేమంటం," అని నవ్వింది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి, అయినా నవ్వే అది. నాకు ఏడుపు ఆగలేదు. ఆ తర్వాత ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు. జడ్చర్ల చేరేసరికి కళ్లు మూతలు పడ్డాయి.

దవాఖానలో బిడ్డ ముందు పోయింది. దీపాలు పెట్టే వేళకు వదిన పోయింది. ఇంకా ముందు తెస్తే బతికేదా అని అమ్మ డాక్టరమ్మ కాళ్లు పట్టుకుని అడిగింది. "ఎట్ల చెప్తనమ్మా, బతికేదనీ చెప్పలేను, బతకదనీ చెప్పలేను," అందామె. అబద్ధమైనా సరే, ఏదో ఒకటి చెప్పి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

చావుకు వచ్చినవాళ్లు ఊరుకుంటారా? ఉరికే పళ్లుంటే ఈపాటికి బిడ్డనెత్తుకుని వచ్చేదని ఒకరు, ఇప్పుడన్నా మార్పించమని ఇంకొకరు. చేతులు కాలాక ఆకులు పట్టుకోమనేవాళ్లకు మా ఊళ్లో ఏనాడూ కరువు లేదు. వాళ్లను వాకిట్లోంచి లేపి పంపేశాను. నోటిదురుసు పిల్ల అన్న పేరు నాకు అప్పుడే స్థిరపడింది.

అన్న పళ్లు మార్పించలేదు. దినాలు కాగానే మళ్లీ ఘాట్ ఎక్కాడు. జ్వరాలవాళ్లను, పాము కరిచినవాళ్లను, నొప్పులు పడే ఆడవాళ్లను దించుకొచ్చాడు. దించినవాళ్లలో బతికినవాళ్లే ఎక్కువ. పెంటల్లో తల్లులు పిల్లలను తెచ్చి కారు ముందర నిలబెట్టి మొక్కించేవారు. అన్న అప్పుడు అటు తిరిగి బీడీ ముట్టించుకునేవాడు. మళ్లీ పెళ్లి మాటెత్తితే అన్నం ముందు నుంచి లేచిపోయేవాడు. నన్ను దేవరకొండ వైపు ఇచ్చారు, ఏడాదికోసారి వచ్చి చూసిపోయేదాన్ని. వచ్చిన ప్రతిసారీ మనిషి కొంచెం తరిగి కనిపించేవాడు.

ఘాట్ పైకి బస్సులు పడ్డాక, ఇంజను కూడా చేతులెత్తేశాక, కారును పాత ఇనుము కింద ఇచ్చేస్తున్నానని అన్న కబురు పెడితే నేను వచ్చాను. కొట్టంలో దాని పక్కన మంచం వేసుకుని కూర్చున్నాడు. అన్న నాతో వదిన మాట ఎత్తడం అదే మొదటిసారి.

"పళ్ల గురించి నాకు రంది లేదు చెల్లె. పదిమంది పానాలు నిలవెట్టినయి. ఆమె నన్ను ఆఖరుకు అడిగింది ఒక్కటే, జల్ది పోనియ్యమని. నేను పోదన్న. ఇగ మల్ల మాట్లాడనే లేదు. నా మీద కోపంతోనే పోయింది."

నేను బిత్తరపోయాను. "కోపమేందన్నా? నువ్వు గట్లనంగనే, నేనే గద పెట్టిచ్చిన, ఆయన్నేమంటం అని నవ్వె గద! నీకు ఇనవడలేదా?"

అన్న నా మొహంలోకి చూశాడు. ఆ రోజు ఇంజను హోరులో ఆ మాట ముందు సీటు దాకా పోలేదు. పోలేదేమోనని నాకు ఏనాడూ తట్టలేదు. ఆయన విన్నాడు, ఆ మాట పట్టుకునే బతుకుతున్నాడు అనుకుంటూ ఇన్నేళ్లు నా సంసారం నేను చేసుకున్నాను.

"నవ్విందా?" అన్నాడు.

"నవ్విందన్నా."

భుజం మీది తువ్వాలు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. వీపంతా కదిలిపోతోంది. నేను మంచం మీద పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. కొంతసేపటికి తువ్వాలు తీయకుండానే అడిగాడు.

"ఏమన్నదో మల్లొక్కసారి చెప్పు."

చెప్పాను.